చందా అడిగిన దివాను – కొమర్రాజు వేంకట లక్ష్మణరావు

దానము చేయువారిని కీర్తించు కథలు మన భాషలలో కావలసినన్ని ఉన్నవి. బలి చక్రవర్తి, కర్ణుడు, హాతిం తాయీ – ఈ పేర్లు వినని పిల్లవాడు మన జిల్లాలలో అరుదు. కాని అడుగువాని కథను మనము అంతగా చెప్పుకొనము. అడుగుట అనగానే చేయి చాచుటయని, చిన్నతనమని మనకు తోచును. తన కొరకు అడుగుట వేరు, పదిమంది కొరకు అడుగుట వేరు. ఈ రెండవది ఒక విద్య. నేడు అది ఒక వృత్తి కూడ అయినది. బడులు, వైద్యశాలలు, గ్రంథాలయములు, అనాథాశ్రమములు నడుపు సంస్థలకు ధనము సమకూర్చుటయే పనిగా, జీతము తీసికొని పని చేయువారు ఇపుడు దేశమంతట ఉన్నారు. మన కళాశాల నుండి వెడలు యువతీయువకులలో కొందరైనను రేపు ఆ పనిలో ప్రవేశింపవచ్చును. వారికి ఉపయోగపడు జీవితమొకటి ఈ సంచికలో చెప్పదలచినాము. అది నూరేండ్ల క్రిందట గతించిన శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి జీవితము.

లక్ష్మణరావుగారిని చరిత్ర పరిశోధకులుగా, మొదటి తెలుగు విజ్ఞాన సర్వస్వమును తలపెట్టినవారిగా అందరు ఎరుగుదురు. వారు స్థాపించిన గ్రంథాలయమునకు, ప్రచురణ సంస్థకు ధనము ఎట్లు సమకూడినదో, ఎక్కడ సమకూడలేదో అంతగా చెప్పుకొనరు. ఆ సంగతియే ఇక్కడ ముఖ్యముగా చెప్పదలచినాము.

పూర్వపు యాచన

లక్ష్మణరావుగారు చేసిన పని యొక్క క్రొత్తదనము తెలియవలెనన్న ముందు పాత పద్ధతిని తలచుకొనవలెను. పాలమూరు ప్రాంతమున గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు విద్యకు పేరుపొందినవి. గద్వాలకు విద్వద్గద్వాలయనియే పేరు. కవులు, పండితులు దూరదేశముల నుండి నడచియో, బండ్లపైననో వచ్చి, రాజసభలో తమ విద్యను ప్రదర్శించి, వార్షికములు, సంభావనలు పొంది వెళ్లెడివారు. తిరుపతి వేంకట కవుల వంటివారు సైతము ఈ సంస్థానములకు వచ్చి సన్మానములు అందుకొన్నారు.

ఆ పద్ధతి వలన మన భాషకు మేలు జరిగినది. ఆ మాటను కాదనరాదు. అయితే అందులో అడుగువాడు ఒక్కడు, ఇచ్చువాడు ఒక్కడు. ఇచ్చిన సొమ్ము పండితుని ఇంటికి చేరును. రాజు మారినచో వార్షికము ఆగిపోవచ్చును. పండితుడు గతించినచో ఆ విద్య అతనితోనే పోవచ్చును. ఊరికి నిలిచి ఉండునది ఏమియు మిగులదు. పదిమంది కలిసి ఇచ్చి, పదిమంది కలిసి అనుభవించు పద్ధతి వేరుగా ఏర్పడవలసి ఉండెను.

ఆ క్రొత్త పద్ధతికి కావలసిన మాటలు చాల వరకు మనకు ఉర్దూ వాకిలి నుండియే వచ్చినవి. చందా, వసూలు, రసీదు, జమ, ఖర్చు, బాకీ, దరఖాస్తు – ఫారసీ, అరబ్బీ మూలములు గల ఈ పదములను తీసివేసినచో ఒక తెలుగు సంఘము తన లెక్కల పుస్తకమును వ్రాసుకొనలేదు. రెండు భాషలు కలిసి ఉన్న మన కళాశాల పత్రికలో ఈ ముచ్చట చెప్పుకొనుట సముచితమని తలచుచున్నాము.

బాల్యము, విద్య

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో జన్మించినారు. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే సవతి అన్న శంకరరావుగారు కుటుంబ భారమును వహించినారు. ఆ కారణమున లక్ష్మణరావుగారి బాల్యము కొంత నల్గొండ జిల్లాలోనే గడిచినది. పిమ్మట అక్క అచ్చమాంబగారి అత్తవారింట, మధ్య పరగణాలలోని నాగపురమున వారి చదువు సాగినది. అచ్చమాంబగారి భర్త భండారు మాధవరావుగారు అక్కడ ఇంజనీరుగా ఉండిరి.

ఈ అక్కాతమ్ముల అనుబంధము మన సాహిత్య చరిత్రలో ఒక మంచి అధ్యాయము. తమ్ముడు పాఠశాలలో నేర్చినది ఇంట అక్కకు నేర్పినాడు. ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసి స్త్రీల చరిత్రను తెలుగున అందించినది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. ప్లేగు వ్యాధిగ్రస్తులకు సేవ చేయుచు, ఆ వ్యాధియే సోకి 1905లో ముప్పదియొక్క ఏండ్లు నిండక ముందే మరణించినది. పదిమంది కొరకు పాటుపడవలెనను బుద్ధి ఆ ఇంట ఇద్దరికిని అబ్బినది.

నాగపురమున లక్ష్మణరావుగారు 1900లో బి.ఏ. పట్టము పొంది, పిమ్మట ఎం.ఏ. కూడ పూర్తి చేసినారు. మరాఠీ వారికి మాతృభాషవలె పట్టుబడినది. ఆ భాషా పత్రికలలో వ్యాసములు వ్రాసినారు. మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రను, శాస్త్రములను వ్రాసుకొనుచు, సభలు, సంఘములు పెట్టుకొనుచు ఉండుట కన్నులారా చూచినారు. తెలుగువారికి అట్టివి లేవను లోటు వారి మనస్సున నాటుకొన్నది.

మునగాల దివాను

చదువు ముగిసిన పిమ్మట లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగా కుదిరినారు. మునగాల స్థితి విచిత్రమైనది. అది బ్రిటిషువారి ఏలుబడిలో కృష్ణా జిల్లాకు చెందినది. చుట్టును నిజాము ప్రభువుల ఇలాకా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అది నల్గొండ జిల్లాలో చేరినది. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. జమీందారు రాజా నాయని వేంకట రంగారావుగారు చిన్న వయస్సువారు, విద్యాభిమానము కలవారు. దివాను చెప్పిన మంచి మాటను చెవిని పెట్టు గుణము వారికి ఉండెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. లక్ష్మణరావుగారు తమ జీతము కొరకు దివాను పని చేసినారు. గ్రంథాలయము, ప్రచురణలు ఆ పనికి అదనము. ప్రభువును తమ కొరకు ఏమియు అడుగనక్కర లేకుండ ఉండుటచే, పదిమంది కొరకు అడిగినపుడు వారి మాటకు బరువు వచ్చినది. జమీందారు దరిదాపుల నుండు ఉద్యోగి తన ఇల్లు చక్కబెట్టుకొనుట ఆనాడు వింత కాదు. వీరు మాత్రము తమకున్న చనువును గ్రంథముల వైపు మళ్లించినారు.

భాషా నిలయము

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము స్థాపితమైనది. రెసిడెన్సీ బజారులోని శ్రీ రావిచెట్టు రంగారావుగారి ఇల్లు దానికి పుట్టినిల్లు. రంగారావుగారు నల్గొండ జిల్లాకు చెందినవారు. రాజా నాయని వేంకట రంగారావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు మున్నగువారు లక్ష్మణరావుగారితో చేయి కలిపినారు. తెలంగాణమున ఆధునిక పద్ధతిని ప్రజల కొరకు ఏర్పడిన తొలి తెలుగు గ్రంథాలయము ఇదియే.

ఆనాటి హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వ భాష, కచేరీల భాష ఉర్దూ. తెలుగు మాట్లాడు ప్రజలు రాజ్యమున అధిక సంఖ్యలో ఉన్నను, వారి భాషకు బడిలో గాని, కచేరిలో గాని తగిన చోటు లేదు. తెలుగు పుస్తకముల కొరకు సర్కారు ధనమును ఆశించు వీలు లేదు. అందుచే మూడు దారులు మిగిలినవి. ఒకటి సంస్థానాధీశుల విరాళము, రెండవది కలిగినవారి ఇండ్లు, వస్తువులు, మూడవది సభ్యుల చందా. భాషా నిలయము ఈ మూడు దారులను కలుపుకొని నిలిచినది. రాజుగారు పోషకులైనారు. రంగారావుగారు చోటు ఇచ్చినారు. ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు సభ్యులైనారు.

మొదటి దాత ఇచ్చినది ధనము కంటె ముందు చోటు అని మరవరాదు. పుస్తకములు పెట్టుకొనుటకు ఒక గది, దీపము, కూర్చొనుటకు చాప – ఇవి ఉన్ననే సంఘము అను మాటకు రూపము వచ్చును. క్రొత్తగా సంస్థను ప్రారంభించువారు పెద్ద మొత్తముల కొరకు ఎదురుచూచుచు ఏండ్లు గడుపుచుందురు. లక్ష్మణరావుగారి మిత్రబృందము ఉన్న ఇంటిలోనే పని మొదలుపెట్టినది. కంటికి కనబడు పని ఉన్నపుడు తరువాతి దాతను అడుగుట సులభమైనది.

రావిచెట్టు రంగారావుగారు 1910లో చిన్న వయస్సుననే గతించినారు. అటువంటి సమయమున సంస్థలు కూలిపోవుట మనము చూచుచుందుము. కాని వారి భార్య లక్ష్మీనరసమ్మగారు భర్త ఆశయమును గుర్తుంచుకొని భాషా నిలయమునకు భూరి విరాళమిచ్చి ఆదుకొన్నారు. ఇంటి యజమాని పోయినను ఆ ఇంటి అండ పోలేదు. దాత ఒక్కనితో కాక, దాత కుటుంబముతో కూడ సంస్థకు సంబంధము ఉండవలెనను నీతి ఇందు కలదు.

ఈ దీపము నుండి మరికొన్ని దీపములు వెలిగినవి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయము ఏర్పడినది. తరువాతి కాలమున నల్గొండలో, సూర్యాపేటలో, ఇతర పట్టణములలో గ్రంథాలయములు వెలసినవి. వాటిలో పెక్కు స్థానికుల చందాలతో నడచినవే.

విజ్ఞాన చంద్రికా మండలి

గ్రంథాలయము పెట్టిన తరువాత లక్ష్మణరావుగారికి మరియొక కొరత కనబడినది. అలమారలు ఉన్నవి, చదువువారు ఉన్నారు, కాని చదువదగిన క్రొత్త పుస్తకములు తెలుగున లేవు. కావ్యములు, ప్రబంధములు ఉన్నవి. ప్రపంచ చరిత్ర ఏది? రసాయన శాస్త్రము ఏది? కలరా ఎందుకు వచ్చునో చెప్పు పుస్తకము ఏది?

ఈ కొరత తీర్చుటకు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, రాజా నాయని వేంకట రంగారావుగారు ఇందులో తోడు నిలిచినారు. మొదటి గ్రంథముగా 1907లో హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్ర వెలువడినది. బానిసత్వమును రూపుమాపిన నాయకుని కథతో మండలి ప్రారంభమగుట గమనింపదగినది.

మండలి ధన విధానమే ఇక్కడ మనకు ముఖ్యము. రాజుల విరాళమును త్రోసిపుచ్చలేదు. కాని దానికి తోడుగా శాశ్వత చందాదారులను చేర్చుకొన్నారు. చందాదారుగా చేరినవారికి గ్రంథములు తగ్గింపు వెలకు వచ్చును. ఊరి బడిపంతులు, తాలూకా కచేరి గుమాస్తా, పట్టణపు వకీలు – ఇట్టివారు ఇచ్చునది కొద్ది. కాని చాలమంది ఇచ్చినచో అది తదుపరి గ్రంథమునకు కాగితము వెల, అచ్చు కూలి అగును. ఇచ్చినవారు ఇచ్చి ఊరకుండరు. పుస్తకము వచ్చినదా, బాగున్నదా, తరువాతి పుస్తకము ఎపుడు అని అడుగుదురు. ఆ అడుగుటయే సంస్థకు కావలి.

సంస్థానమున వార్షికము పొందు పండితునకు, మండలి చందాదారునకు గల భేదము ఇందు స్పష్టము. పండితుడు ప్రభువు దయకు కృతజ్ఞుడు. చందాదారు మాత్రము సంస్థకు యజమాని వంటివాడు. దయ అను మాట తొలగి హక్కు, బాధ్యత అను మాటలు వచ్చినవి. ఇది తెలుగు నాట చిన్న మార్పు కాదు.

వెలువడిన గ్రంథములను చూచినచో ఆ చందా ధనము ఎట్లు ఫలించినదో తెలియును. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఇట్లే వెలుగు చూచినది. పదార్థ విజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము, వ్యవసాయము – వీటిపై తెలుగున గ్రంథములు వచ్చినవి. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు కలరా వంటి వ్యాధులను గురించి సామాన్యులకు తెలియునట్లు వ్రాసినారు. లక్ష్మణరావుగారు స్వయముగా హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును వ్రాసి, ఈ దేశ చరిత్రలో రెండు సమాజముల పాత్రను తెలుగు పాఠకుల ముందుంచినారు. శాసనములు చదివి, ఆధారములు చూచి వ్రాయుట వారి పద్ధతి.

1908లో హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలోని వ్రాత కారణముగా రాజద్రోహ నేరముపై జైలు పాలైనారు. ఆ సంవత్సరముననే మండలి హైదరాబాదు నుండి మద్రాసుకు తరలినది. ఒక ముఖ్యుడు జైలులో ఉండగా, చోటు మారిపోగా, సంస్థ ఆగిపోవలసిన మాట. కాని చందాదారులు ఒక్క ఊరివారు కారు. చాల ఊళ్లలో వ్యాపించి ఉన్నారు. పుస్తకము టపాలో ఎక్కడ నుండి వచ్చినను వారికి ఒక్కటే. అందుచే మండలి నిలిచినది.

విజ్ఞాన సర్వస్వము – మోయలేని బరువు

ఇంతవరకు చెప్పినది విజయము. ఇక చెప్పునది వేరు.

ఇంగ్లీషువారికి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వము ఉన్నట్లు తెలుగువారికి ఒకటి ఉండవలెనని లక్ష్మణరావుగారు సంకల్పించినారు. 1912–13 ప్రాంతమున పని ఆరంభమైనది. మద్రాసు ఎగ్మూరులోని వేదవిలాసమను వారి నివాసము పండితులకు నిలయమైనది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, రాయప్రోలు సుబ్బారావుగారు, హరిసర్వోత్తమరావుగారు, లక్ష్మీపతిగారు వంటివారు తోడ్పడినారు. పెక్కు వ్యాసములు లక్ష్మణరావుగారే వ్రాసినారు. 1915 నుండి సంపుటములు వెలువడినవి. మూడు సంపుటములు పూర్తి అగుసరికి ఇంకను అకారము దాటలేదు.

ఒక చిన్న పుస్తకమునకు చందా అడుగుట వేరు. ఇరువది ఏండ్లు పట్టు పనికి అడుగుట వేరు. చిన్న పుస్తకమును ఇచ్చువాడు ఆ ఏడే కంటితో చూచును. సర్వస్వమునకు ఇచ్చువాడు తన జీవితకాలమున దాని చివరి అక్షరమును చూచునో లేదో. పండితుల పోషణ, పుస్తకముల కొనుగోలు, బొమ్మల అచ్చు, మేలు కాగితము – ఇవి అన్నియు నెలనెల సాగు ఖర్చులు. అందుపై మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి కాగితము వెల పెరిగినది. ఇట్టి పనికి పుస్తకమునకొక చందా చాలదు. ఏటేటా నిలకడగా వచ్చు నిధి, అది ఒకరిపై కాక ఒక సంఘముపై ఆధారపడియుండుట అవసరము. అది ఏర్పడలేదు. బరువంతయు ఒక మనిషి భుజముపై నిలిచినది.

ఆ మనిషి ఆరోగ్యము మంచిది కాదు. ఉబ్బసము వారిని బాధించెడిది. 1923వ సంవత్సరము జూలైలో, నలుబదియారవ ఏట, లక్ష్మణరావుగారు మద్రాసులో కన్ను మూసినారు. సర్వస్వము ఆగిపోయినది. తరువాత ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని తిరిగి చేపట్టి కొంత సాగించినారు. వారు 1938లో గతించినారు. తెలుగున విజ్ఞాన సర్వస్వము పలు సంపుటములలో వెలువడుటకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాత సమితులు ఏర్పడవలసి వచ్చినది. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి, పిమ్మట హైదరాబాదులోని సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశ సమితి విరాళములను, ప్రభుత్వ సహాయమును కూర్చుకొని ఆ పనిని చేసినవి.

ఇక్కడ ఎవరిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని పోల్చి చూడక తప్పదు. భాషా నిలయమునకు మూలపురుషులు ఒకరి తరువాత ఒకరు గతించినను అది నూరేండ్లు దాటి నిలిచినది. సర్వస్వము పదిమంది పండితులు తోడుండియు ఆగిపోయినది. మొదటి దానిని సభ్యులు మోసినారు. రెండవ దానిని ఒక్క మహానుభావుడు మోసినాడు. సంస్థకు ధనము తెచ్చు పనిలో దిగువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. దాత ఎంత గొప్పవాడైనను, కార్యకర్త ఎంత గొప్పవాడైనను, అతడు లేని నాడు పని ఎట్లు సాగునో మొదటి నాడే ఆలోచింపవలెను.

సొమ్ము ఎవరిది?

మరియొక ప్రశ్న కలదు. మునగాల రాజుగారి ఔదార్యము వలన తెలుగు భాషకు జరిగిన మేలు సత్యము. అయితే జమీందారు ఇచ్చు సొమ్ము ఎక్కడిది? పరగణాలోని రైతు చెల్లించిన శిస్తు. 1930 తరువాతి దశాబ్దమున మునగాల పరగణా రైతులు జమీందారీ పద్ధతిలోని శిస్తుల భారమును, వెట్టిని ఎదిరించి ఆందోళన చేసినారు. అప్పటికి లక్ష్మణరావుగారు లేరు. పుస్తకములను పోషించిన పరగణాలోనే ఆ పుస్తకములు చదువుటకు అక్షరములు రాని రైతులు ఎందరో ఉండిరి.

అందుచే ఆ విరాళములు వద్దనవలసి ఉండెనని మేము అనము. ఆ విరాళములు లేనిచో సర్కారు ఆదరణ లేని భాషకు అండ కరువగును. కాని ధనము తెచ్చువాడు అది వచ్చిన దారిని కూడ ఎరిగి ఉండవలెను. ఎవరి చెమట నుండి వచ్చినదో వారికి ఏదో రూపమున తిరిగి చేరవలెను. లక్ష్మణరావుగారి గ్రంథములు, గ్రంథాలయములు ఆ తిరిగి చేర్చుటకు ఒక ఆరంభము. వాటిని చదివి పెరిగిన తరము వెట్టిని ప్రశ్నించినది.

సూర్యాపేటలో పెరిగిన మాడపాటి హనుమంతరావుగారు ఆ తరమునకు మంచి ఉదాహరణ. ఉర్దూ, ఫారసీలలో పండితులై, ఉర్దూ పత్రికలకు వ్యాసములు వ్రాసి, ప్రేమచంద్ కథలను తెలుగు చేసినవారు వారు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జన సంఘమున ముందు నిలిచి వెట్టిచాకిరి నిర్మూలనకు కృషి చేసినారు. 1928లో హైదరాబాదులో బాలికలకు తెలుగు మాధ్యమమున పాఠశాల స్థాపించినారు. మాధ్యమము తెలుగు అగుటచే సర్కారు గుర్తింపు దొరకలేదు. పూనాలోని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో అనుబంధము తెచ్చుకొని, ప్రజల చందాలతో బడిని నిలిపినారు. లక్ష్మణరావుగారు వేసిన బాట ఎటు సాగినదో దీనిని బట్టి తెలియును.

ఉత్తరమున ఒక పోలిక

ఈ విద్యలో లక్ష్మణరావుగారికి ముందు తరమువాడు, ఉత్తర దేశమున సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. 1875లో అలీగఢ్‌లో బడిగా మొదలిడిన సంస్థను కళాశాలగా పెంచుటకు ఆయన పడిన శ్రమ ప్రసిద్ధము. లాటరీ నడిపినాడు. పెద్ద వయస్సున రంగస్థలమెక్కి కవిత్వము చదివి ధనము పోగుచేసినాడు. దాతల పేర్లను కళాశాల గోడల రాళ్లపై చెక్కించినాడు. సాలార్ జంగు కాలము నుండి హైదరాబాదు రాజ్యము సైతము ఆ కళాశాలకు అండగా నిలిచినది. పరువు గల ఇంట పుట్టినవాడు అందరి ముందు చందా అడుగుటయా అని ముక్కున వేలు వేసుకొన్నవారు ఉన్నారు. ఆయన లెక్కచేయలేదు. తమ సమాజము చదువులో వెనుకబడి ఉండుటయే పెద్ద అవమానమని ఆయన భావము.

అలీగఢ్‌కును, రెసిడెన్సీ బజారుకును దూరము చాల. భాషలు వేరు, సమాజములు వేరు. కాని పని ఒక్కటే. తమవారి విద్య కొరకు ఇల్లిల్లు తిరుగుటకు ఇద్దరును సిగ్గుపడలేదు. మన కళాశాల వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలు ఆ ఇద్దరి వారసత్వమును కలిపి పుచ్చుకొన్నవని మేము భావింతుము.

నేటి విద్యార్థులకు

నేడు అడుగు పద్ధతులు మారినవి. రాజులు లేరు, జమీందారులు లేరు. 2013 కంపెనీల చట్టములోని 135వ విభాగము ప్రకారము నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికర లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. విదేశీ విరాళములు పొందుటకు 2010 చట్టము క్రింద అనుమతి ఉండవలెను. ప్రతి దరఖాస్తుకు ఉద్దేశము, పని విధము, ఖర్చు అంచనా, ఫలితమును కొలుచు పద్ధతి వ్రాసి ఇయ్యవలెను. ఇదంతయు నేర్చుకొనదగిన పనియే. భాష చక్కగా వ్రాయగలిగి, లెక్క చూడగలిగి, ఊరి సంగతి ఎరిగిన యువకునకు, యువతికి ఇందు మంచి జీవనోపాధి కలదు.

నల్గొండ పల్లెల ఫ్లోరైడు నీటి బాధను, పాలమూరు కూలీల వలస బాధను ఎరిగినవాడు వ్రాసిన దరఖాస్తుకు, పట్టణమున కూర్చుండి ఊహించినవాడు వ్రాసిన దరఖాస్తుకు భేదము ఉండును. అది మన బలము. ఏ ఊరిలో ఎన్ని ఇండ్లు, నీరు ఎంత దూరము, బడి మానిన పిల్లలు ఎందరు – ఇవి స్వయముగా తిరిగి తెలిసికొని వ్రాసినవాని మాటను దాత నమ్మును.

లక్ష్మణరావుగారి జీవితము నుండి ఈ పనికి పనికివచ్చు కొన్ని సూత్రములను మేము గ్రహించినాము. తన ఇంటి కొరకు అడుగనివాడే ఊరి కొరకు ధైర్యముగా అడుగగలడు. ముందు చిన్న పని చేసి చూపి, పిమ్మట పెద్ద పనికి అడుగవలెను. పెద్ద దాత ఒక్కడు ఉన్నను, చిన్న దాతలు వందలుగా ఉండవలెను. ఇచ్చినవానికి ఏదో చేతికి అందవలెను. అది పుస్తకము కావచ్చును, లెక్కల పత్రము కావచ్చును, కృతజ్ఞతతో వ్రాసిన ఉత్తరము కావచ్చును. అన్నింటికి మించి, తాను లేని నాడు కూడ పని సాగునట్లు సంఘమును కట్టవలెను. చివరి సూత్రమును వారు భాషా నిలయమున చేసి చూపినారు. సర్వస్వమున అది లేని లోటును మనకు చూపి వెళ్లినారు. ఆ రెండును మనకు పాఠములే.

నలుబదియారు ఏండ్ల జీవితమున ఒక గ్రంథాలయము, ఒక ప్రచురణ మండలి, అకారము దాటని సర్వస్వము – ఇవి లక్ష్మణరావుగారు విడిచి వెళ్లిన ఆస్తి. హైదరాబాదు వెళ్లు మన విద్యార్థులు సుల్తాన్ బజారున నిలిచియున్న ఆ భాషా నిలయమును ఒకసారి చూచి రావలెనని, వీలైనచో సభ్యత్వ రుసుము చెల్లించి రసీదు తీసికొని రావలెనని మా కోరిక. పదిమంది కొరకు అడుగుట నేర్వదలచినవాడు మొదట పదిమందిలో ఒకడుగా ఇచ్చుట నేర్వవలెను.